కాలిన ఇంటివారికి మళ్ళీ నీడ: మూడు నగరాల చరిత్ర, మనకొక పాఠం

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు" అని మన పెద్దలు అంటూ వుంటారు. నిప్పు ఆర్పే విషయంలో ఈ సామెత అందరికీ తెలిసినదే. ఐతే ఇల్లు కాలిపోయిన తరువాత ఆ ఇంటివారు ఎక్కడ తల దాచుకోవాలి అన్న విషయానికీ ఇదే సామెత సరిగ్గా సరిపోతుందని చరిత్ర చదివితేగాని మాకు బోధపడలేదు. ఆ చరిత్రను మన సభ్యుల ముందు, వారి ఇంటిల్లిపాది ముందు పెట్టాలనే ఈ నాలుగు పేజీలు.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకుంటాం. మంచిర్యాలలో గాని, చుట్టుపక్కల బస్తీల్లో గాని ఎండాకాలంలో గుడిసెలు అంటుకున్నాయని కబురు వస్తే మేమూ పరుగెత్తిన వాళ్ళమే. బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు, చందా డబ్బులు పోగు చేసిన వాళ్ళమే. మొదటి రోజు అందరం వున్నాం. మూడో రోజున సగం మందిమి వున్నాం. వారం తిరిగాక ఎవరి డ్యూటీ వారిది, ఎవరి దుకాణం వారిది. కాలిన ఇంటి వాళ్ళు బడి వరండాలో ఎన్నాళ్ళు పడుకున్నారు, తరువాత ఏ ఊరు పోయారు, వాళ్ళ పిల్లల చదువు ఏమయింది అని మేము అడగలేదు. అన్నం పెట్టడం వేరు, ఇల్లు నిలబెట్టడం వేరు. మొదటిది మనకు వచ్చు. రెండోది నేర్చుకోవలసి వున్నది.

బొగ్గు గనుల నడుమ బతికే వాళ్ళకు నిప్పు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. అందుకే గనిలో డీపిల్లరింగ్ మొదలు పెట్టక ముందే ఆ ప్యానెల్‌కు పోయే దారుల్లో స్టాపింగు గోడలకు ఏర్పాట్లు చేసి పెడతారు. నిప్పు కనబడిన తరువాత ఇటుకలు వెతుక్కునేవాడు గనిలో ఎవడూ వుండడు. పొగ వాసన తగలగానే మూసెయ్యడమే పని. భూమి లోపల ఇంత ముందుచూపు వున్న మనకు భూమి పైన, మన బస్తీల్లో, ఆ ముందుచూపు ఎందుకు లేదు? ఇదే మా ప్రశ్న.

దూరపు ఊళ్ళ కథలు మనకెందుకు అని కొందరు అనవచ్చు. మన ప్రాంతం నుంచి గల్ఫుకూ సింగపూరుకూ పొట్ట చేత పట్టుకుని పోయిన వాళ్ళు ఎందరో వున్నారు. ఆ దూరపు ఊళ్ళు ఇప్పుడు మనకు అంత దూరం కావు. ఇళ్ళు కాలిన జనానికి మళ్ళీ ఇళ్ళు ఇచ్చిన చరిత్ర ఎక్కువగా అక్కడే వున్నది గనుక అక్కడి నుంచే మొదలు పెడదాం.

హాంకాంగ్: నూట ఇరవై అడుగుల గది

1953 డిసెంబరు 25. క్రిస్మస్ రాత్రి. హాంకాంగులో షెక్ కిప్ మెయ్ అనే చోట కొండ వాలున వేలాది గుడిసెలు వుండేవి. చైనాలో యుద్ధాల నుంచి, ప్రభుత్వం మారిన తరువాతి కల్లోలం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులు చెక్కలు, రేకులు కట్టుకుని వున్నారు. ఆ రాత్రి అంటుకున్న మంటలో సుమారు 53 వేల మంది నిలువ నీడ లేని వాళ్ళయ్యారు. చనిపోయిన వాళ్ళు ఇద్దరో ముగ్గురో. ప్రాణాలు దక్కాయి, ఇళ్ళు దక్కలేదు. జనం వీధుల వెంట, దుకాణాల అరుగుల కింద పడుకున్నారు.

అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం మొదట తాత్కాలికంగా రెండంతస్తుల ఇళ్ళు త్వరత్వరగా కట్టించింది. ప్రజాపనుల శాఖాధిపతి బౌరింగ్ పేరు మీద వాటిని జనం "బౌరింగ్ బంగళాలు" అన్నారు. పేరుకే బంగళాలు! తరువాత 1954 నుంచి అదే చోట అనేక అంతస్తుల భవనాలు లేచాయి. అందులో ఒక గది వైశాల్యం 120 చదరపు అడుగులు, అయిదుగురు పెద్దవాళ్ళకు ఒక గది. పిల్లవాణ్ణి సగం మనిషిగా లెక్క కట్టారు. గదిలో వంటిల్లు లేదు, నల్లా లేదు, పాయిఖానా లేదు. అంతస్తుకు ఉమ్మడి నల్లాలు, ఉమ్మడి మరుగుదొడ్లు. వంట బయటి వరండాలో.

ఇది ప్రభుత్వానికి ఒక్కసారిగా పుట్టిన దయ కాదని, నగరానికి భూమి కావలసి వచ్చిందని, గుడిసెల వాళ్ళను ఇరుకు చోట సర్దితే మిగతా భూమి చేతికి వస్తుందన్న లెక్క కూడా వున్నదని తరువాతి చరిత్రకారులు రాశారు. వుండవచ్చు. కాని ఒక్కటి గమనించాలి. జనాన్ని ఊరి బయటకు తరిమెయ్యలేదు. కాలిన చోటనే కట్టారు. ఫ్యాక్టరీకి నడిచిపోయే మనిషి నడిచే పోగలిగాడు. ఇరుకైనా పని పోలేదు, ఇరుగుపొరుగు పోలేదు. హాంకాంగులో ప్రభుత్వ గృహ నిర్మాణానికి ఆ భవనాలే పునాది అయినాయి. వాటిలో ఒకటి, మెయ్ హో హౌస్, ఇప్పటికీ నిలిచి వుంది. 2013 నుంచి అది యాత్రికుల వసతి గృహం.

సింగపూరు: బక్రీద్ నాటి మంట

1961 మే 25. గురువారం. ఆ రోజు బక్రీద్. సింగపూరులో దానిని హరి రాయ హాజీ అంటారు, సెలవు దినం. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత తియాంగ్ బహ్రూ దగ్గర మంట లేచింది. గాలి తోడై, రోడ్డు దాటి బుకిత్ హో స్వీ అనే బస్తీ మీద పడింది. అక్కడివి చెక్క ఇళ్ళు, పైన తాటాకు వంటి ఆకుల కప్పు, మధ్యన ఇరుకు సందులు. నీళ్ళకు ఒత్తిడి చాలలేదు. సామాను మోసుకుని పరుగెత్తే జనంతో దారులు నిండిపోయాయి. నలుగురు చనిపోయారు. రెండు వేలకు పైగా ఇళ్ళు బూడిద అయ్యాయి. సుమారు 16 వేల మంది వీధిన పడ్డారు. నిప్పు ఎలా పుట్టిందో చివరకు తేలనే లేదు.

ఆనాటి సింగపూరు ఈనాటి సింగపూరు కాదు. స్వతంత్ర దేశం కూడా కాదు. పేదరికం, నిరుద్యోగం, గుడిసెలు ఎక్కడ చూసినా వుండేవి. అటువంటి చోట ప్రధాని లీ క్వాన్ యూ బాధితులకు ఏడాదిలోగా ఇళ్ళు ఇస్తామని మాట ఇచ్చాడు. మాట నిలబడింది. ఎలా నిలబడింది? ఇక్కడే మన సామెత గుర్తుకు తెచ్చుకోవాలి.

మంటకు పదిహేను నెలల ముందే, 1960 ఫిబ్రవరి 1న, అక్కడ గృహ నిర్మాణ మండలి ఏర్పడింది. లిమ్ కిమ్ సాన్ అనే వ్యాపారస్థుడు దానికి అధ్యక్షుడు. అంతకు ముందున్న సంస్థ 32 ఏళ్ళలో కట్టినవి సుమారు 23 వేల ఇళ్ళు. కొత్త మండలి మొదటి అయిదేళ్ళలోనే 50 వేలకు పైగా కట్టింది. అంటే మంట లేచిన రోజున ఇటుకలు, మేస్త్రీలు, పటాలు, పునాదులు అన్నీ సిద్ధంగా వున్నాయి. క్వీన్స్ టౌన్ వంటి చోట్ల పూర్తి కావచ్చిన ఫ్లాట్లలోకి కొందరిని వెంటనే పంపారు. కాలిన నేలను ప్రభుత్వం తీసుకుని అక్కడే కొత్త కాలనీ లేపింది. బడుల్లో శిబిరాలు పెట్టి పేర్లు రాసుకున్నారు. ఎవరు ఎంతమంది, ఏం పని, ఎక్కడ పని అన్నది కాగితం మీదికి వచ్చింది.

బావి ముందే తవ్వి వుంది. నీళ్ళు తోడుకోవడమే మిగిలింది.

అట్లాగని అంతా పూల బాట అని మేము చెప్పడం లేదు. ఒక గది ఫ్లాటుకు నెలకు 20 డాలర్ల కిరాయి కట్టాలి. గుడిసెలో పందులు, కోళ్ళు పెంచుకున్నవాడికి, ఇంటి ముందే చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి ఆ దారి మూసుకుపోయింది. కట్టలేక కష్టపడ్డ వాళ్ళున్నారు. ఆ కాలనీలోనే పెరిగిన చరిత్రకారుడు లో కా సెంగ్ ఈ మంట మీద 2013లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. గుడిసెల వాళ్ళను ప్రభుత్వ క్రమశిక్షణలోకి తెచ్చిన సంఘటన ఇది అని అందులో వివరించాడు. ఇల్లు దొరికింది, వెనకటి స్వేచ్ఛ కొంత పోయింది. ఐనా పిల్లలు వానకు తడవకుండా పడుకున్నారు. తల్లులకు ఆ తేడా బాగా తెలుసు.

లండన్: రంజాన్ రాత్రి

ఇక మూడో నగరం. ఇది మన కళ్ళ ముందటి సంగతి. 2017 జూన్ 14. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం. 1974లో పూర్తయిన ఆ భవనంలో ఎక్కువగా కిరాయికి వుండే సామాన్య కుటుంబాలు, అనేక దేశాల వాళ్ళు, ముస్లింలు చాలామంది. అర్ధరాత్రి దాటి ఒంటి గంట కావస్తుండగా నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటులోని ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టింది. ఏడాది ముందే భవనానికి అందంగా తొడిగిన పలకల మధ్యన తేలికగా అంటుకునే ప్లాస్టిక్ వుండడం వలన మంట గోడ వెంట పైకి పాకింది. 72 మంది చనిపోయారు.

అది రంజాన్ మాసం. సహరీ కోసం మేలుకుని వున్న వాళ్ళు కొందరు పొగ చూసి పొరుగింటి తలుపులు బాదారు. దగ్గరలోని అల్-మనార్ మస్జిదు తన తలుపులు తెరిచింది. ఏ మతం వాడవని అడగకుండా అన్నం, దుప్పటి, పడుకునే చోటు ఇచ్చింది. చర్చీలు, సంఘాలు, ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. మొదటి రోజు మనమెలా పరుగెత్తుతామో వాళ్ళూ అలాగే పరుగెత్తారు.

తరువాత ఏమయింది? మూడు వారాల్లో దగ్గరలోనే అందరికీ ఇల్లు చూపిస్తామని ప్రధాని థెరిసా మే మాట ఇచ్చింది. గడువు తీరేసరికి 139 కుటుంబాలకు ఇళ్ళు చూపించారు, సరే అన్నవి 14 మాత్రమే. ఏడాది గడిచేసరికి సగానికి పైగా కుటుంబాలు శాశ్వతమైన ఇంట్లో చేరలేదు. రెండేళ్ళు గడిచినా పదికి పైగా కుటుంబాలకు తాత్కాలిక వసతే గతి. మొత్తం ఇళ్ళు ఇవ్వవలసినవి 200 చిల్లర కుటుంబాలు. ప్రపంచంలో పెద్ద ధనవంతుల నగరం. ముడి ఇటుకల నాటి సింగపూరు 16 వేల మందికి ఏడాదిలో నీడ చూపితే, లండన్ 200 కుటుంబాలకు రెండేళ్ళలో చూపలేకపోయింది!

కుటుంబాలు ఎందుకు వద్దన్నాయి అని అడగవలసి వుంది. మొండితనం కాదు. తాత్కాలికం అన్న ఇంట్లోకి పోతే మళ్ళీ సామాను కట్టుకుని పోవలసి వస్తుంది. మంటలో నుంచి బయటపడిన వాళ్ళకు ఎత్తు అంతస్తులంటే భయం. పిల్లల బడి, ముసలి తల్లికి తెలిసిన డాక్టరు, మస్జిదు, పొరుగింటి వదిన, ఇవన్నీ పోగొట్టుకుని ఎక్కడికి పోతారు? హోటల్ గదుల్లో పొయ్యి లేదు. నెలల తరబడి వండుకోవడానికి చోటు లేక ఆడవాళ్ళు అల్-మనార్ మస్జిదు వంటింట్లో చేరి తమ వాళ్ళ కోసం వండడం మొదలు పెట్టారు. దానికి "హబ్" అని పేరు పెట్టుకున్నారు, అరబ్బీలో ప్రేమ అని అర్థం. 2018లో వాళ్ళ వంటకాలు పుస్తకంగా వచ్చి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇల్లంటే నాలుగు గోడలు కాదు, పొయ్యి వెలిగితేనే ఇల్లు అని ఆ ఆడవాళ్ళు లోకానికి చెప్పినట్లయింది.

ఏడేళ్ళ విచారణ తరువాత 2024 సెప్టెంబరు 4న వచ్చిన నివేదికలో మనకు పనికివచ్చే మాటలు వున్నాయి. పెద్ద సంఖ్యలో జనం ఇళ్ళు వదలవలసి వస్తే ఏం చెయ్యాలో స్థానిక కౌన్సిలు దగ్గర పనికివచ్చే ప్రణాళిక లేదు. అత్యవసరంగా వసతి ఎక్కడ దొరుకుతుందో ముందుగా ఏర్పాటు చేసుకోలేదు. ఇళ్ళు వదిలిన వాళ్ళు ఎవరెవరో గుర్తించే పద్ధతి కూడా లేదు. రంజాన్ ఉపవాసాలు వుంటున్న వాళ్ళ అవసరాలు పట్టించుకోలేదు. మొదటి రోజుల్లో ఆ లోటు పూడ్చినవి స్వచ్ఛంద సంఘాలే. డబ్బు లేక కాదు, బావి తవ్వి లేక.

ఇది పాత కథ అనుకుంటే 2025 నవంబరు 26 వున్నది. హాంకాంగులోనే తాయ్ పో ప్రాంతంలో వాంగ్ ఫుక్ కోర్ట్ అనే కాలనీలో ఎనిమిది భవనాలకు ఏడు అంటుకున్నాయి. మరమ్మతుల కోసం చుట్టూ కట్టిన వలలు, కిటికీలకు అంటించిన నురుగు పలకలు మంటను మోసుకుపోయాయి. 150 మందికి పైగా చనిపోయారు, వేల మంది ఇళ్ళు విడిచారు. డెబ్బై రెండేళ్ళ కిందట గుడిసెలు తీసి భవనాలు కట్టిన నగరంలో భవనాలే మళ్ళీ కాలాయి.

మన రాష్ట్రం, మన బస్తీ

మన తెలుగు నేల మీద ఎండాకాలం వచ్చిందంటే తాటాకు ఇళ్ళకు, పూరి గుడిసెలకు గండమే. పేదలకు పక్కా ఇళ్ళు అన్న ఆలోచన బలపడడానికి తుఫానులతో పాటు ఈ మంటలూ ఒక కారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత పక్కా ఇళ్ళ పథకం ఊరూరా పోయింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో రెండు పడక గదుల ఇళ్ళు, 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళు మొదలయ్యాయి. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చేది 5 లక్షల రూపాయలు. ఐతే ఇవన్నీ వరుస మీద వచ్చే ఇళ్ళు. రాత్రి కాలితే పొద్దున దొరికే ఇళ్ళు కావు.

పెంకులూ తాటాకూ పోయి కాంక్రీటు వచ్చింది గనుక భయం పోయిందా? పోలేదు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాలు అంటుకుని 9 మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన వాళ్ళతో సహా 17 మంది పోయారు. అక్కడ చుట్టుపక్కల ముస్లిం యువకులు ప్రాణాలకు తెగించి లోపలికి దూరే ప్రయత్నం చేశారు. నిప్పుకు మతం లేదు, సాయానికీ లేదు.

ఇల్లు కాలిన వాళ్ళకు ప్రభుత్వ సాయం ఎంత అన్నది మనవాళ్ళకు చాలామందికి తెలియదు. విపత్తుల సహాయ నిధి కింద లెక్కకు వచ్చే విపత్తుల్లో అగ్ని ప్రమాదం కూడా వుంది. 2022–26 సంవత్సరాలకు కేంద్రం నిర్ణయించిన లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా పాడైన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు. బట్టలకు కుటుంబానికి 2,500, వంట పాత్రలకు మరో 2,500. ఇంటికీ గుడిసెకూ ఎంత తేడానో చూడండి! కాలిన దాన్ని ఇల్లు అని రాస్తారా, గుడిసె అని రాస్తారా అన్నది పంచనామాలో తేలుతుంది. పైగా ఆ ఇల్లు అనుమతి గల కట్టడమని అధికారి ధ్రువీకరించాలన్న నిబంధన వుంది. పట్టా కాగితం ఇంటితో పాటే కాలిపోతే ఆ బీదవాడు ఏం చూపిస్తాడు? కిరాయికి వున్నవాడి సంగతి ఇంకా కష్టం. ఇంటి సొమ్ము ఇంటి యజమానికి, కిరాయిదారు చేతిలో బట్టల డబ్బు, గిన్నెల డబ్బు.

కంపెనీ క్వార్టరులో వున్న కార్మికుడికి ఇంకొక క్వార్టరు అడగడానికి ఒక ఆఫీసు వుంది. క్వార్టర్ల వెనకాల గుడిసె వేసుకున్న కూలివాడికి, రిక్షావాడికి, కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఆఫీసు కూడా లేదు. వాడికి మనమే ఆఫీసు కావాలి.

మనం తవ్వవలసిన బావి

మూడు నగరాల చరిత్ర నుంచి మేము తీసుకున్నది ఇంతే. మొదటిది, ఇల్లు ఇచ్చే పని మంటకు ముందే మొదలు కావాలి. రెండవది, కాలిన వాళ్ళను పని నుంచి, బడి నుంచి, ఇరుగుపొరుగు నుంచి విడదీయకూడదు. మూడవది, తాత్కాలికం అన్నది ఎప్పటిదాకా అనేది మొదటి రోజే చెప్పాలి. నాలుగవది, పొయ్యి లేని వసతి వసతి కాదు.

పెద్ద ఇళ్ళు కట్టే శక్తి మన సంఘానికి లేదు. ప్రభుత్వం పని ప్రభుత్వమే చెయ్యాలి, అది హక్కు, భిక్ష కాదు. కాని మన చేతిలో వున్నవి కొన్ని వున్నాయి. బస్తీ వారీగా కుటుంబాల పేర్లతో ఒక రిజిస్టరు. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి పట్టా, కరెంటు బిల్లు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు సంఘం బీరువాలో. షాదీఖానా వంటిల్లు, పెద్ద గిన్నెలు అటువంటి రోజున ఎవరి అనుమతీ అడగకుండా తెరిచే ముందస్తు తీర్మానం. కాలిన కుటుంబానికి అదే బస్తీలో మూడు నెలల కిరాయి కట్టే నిధి. తహసీల్దారు ఆఫీసుకు వాళ్ళ వెంట పోయే ఇద్దరు చదువుకున్న పిల్లలు. ఏడాది వరకు నెలకొకసారి ఆ ఇంటికి పోయి "ఎలా వున్నారు చాచా?" అని అడిగే ఒక మనిషి. ఇందులో ముస్లిం, హిందూ అన్న తేడా వుండరాదు. పక్క గుడిసె కాలితే మన గుడిసె మిగలదు.

ఈ నకళ్ళ పనికి పెద్ద ఖర్చు లేదు. ఒక బీరువా, కొన్ని ఫైళ్ళు, ఆదివారాలు కొన్ని. ఈ సంచిక చదివిన ప్రతి సభ్యుడు ముందు తన ఇంటి కాగితాల నకళ్ళు, తరువాత తన ఇంటి పక్కన గుడిసెలో వుండే ఒక్క కుటుంబం కాగితాల నకళ్ళు తెచ్చి ఇస్తే మన బావిలో మొదటి మూర తవ్వినట్లే. ఎండాకాలం రాకముందే తెచ్చి ఇవ్వవలసిందిగా మా మనవి.